చేదోడుకి చెప్పని మాట

"మొదట బాగుందన్నది మీ అమ్మగారు. చెప్తే మీరే చెప్పాలి," అంది వకుళ.

"అమ్మ అన్నది మూడేళ్ళ కిందట, పన్ను పీకించుకున్న వారంలో," అన్నాడు రిత్విక్. "అప్పట్నుంచి రోజూ అంటున్నది నువ్వు. నిన్న రెండోది కూడా వేయించుకున్నావు."

"వేయించుకోకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది. దానికి జవాబెవరు చెప్తారు?"

"ఎవరో ఒకరు చెప్పండి. లేకపోతే ఈ జన్మలో నాకు కరకరలాడే పెసరట్టు దొరకదు," అంది కూతురు హిమజ. పళ్ళెంలో ఉన్నదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించింది. అది తడిగుడ్డలా వేలాడింది. "దీన్ని మడతపెట్టి బీరువాలో పెట్టుకోవచ్చు."

ముగ్గురూ బాల్కనీలో నిలబడి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నిజానికి గొంతు తగ్గించాల్సిన పని లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక చెవిలేని చోటు ఉండి తీరాలని చట్టం. వీళ్ళింట్లో ఆ చోటు బాల్కనీ. ఇల్లూ ఊరూ చూసుకునే యంత్రం చేదోడుకి ఇక్కడి మాట వినబడదు. అయినా పక్కగదిలో చుట్టం పడుకుని ఉన్నట్టు గుసగుసలాడడం కాకినాడలో అందరికీ అలవాటైపోయింది.

"సరే, నేను చెప్పేస్తా," అని హిమజ లోపలికి వెళ్ళింది. గట్టు మీద చేదోడు నడిపే వంటచెయ్యి పెనం తుడుస్తోంది. గోడలోంచి చేదోడు పలకరించింది. ఆడో మగో తెలియని గొంతు. ఏనాడూ తొందరపడదు.

"హిమజా, ఈ రోజు అట్టులో అల్లం కొంచెం తగ్గించాను, రాత్రి దగ్గావని. ఎలా ఉంది?"

హిమజ నోరు తెరిచింది. "బాగుంది," అంది. "చాలా బాగుంది."

బాల్కనీలోకి తిరిగొచ్చి ఎవరి మొహమూ చూడకుండా నిలబడింది. "నా దగ్గు కోసం అల్లం తగ్గించిందట," అంది. "ఇంక ఎలా చెప్పమంటారు?"

చేదోడు ఊళ్ళోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. యంత్రాలకి తెలివి ముదిరితే మనుషుల నెత్తికెక్కి కూర్చుంటాయని వకుళ అత్తగారు శిరీషమ్మగారి తరం వయసులో ఉన్నప్పుడు చాలా భయపడింది. ఆవిడకిప్పుడు ఎనభై రెండు. భయపడ్డదేదీ జరగలేదు. కుళాయిలు వేళకి వస్తున్నాయి. బళ్ళో ఏ పిల్లకి ఏ లెక్క అర్థం కాలేదో ఆ సాయంత్రానికే తెలుస్తోంది. హిమజకి ఆరో ఏట వచ్చిన విషజ్వరాన్ని డాక్టరు కన్నా ఒక రోజు ముందు పట్టుకున్నది చేదోడే. పోయిన కార్తీకంలో తుఫాను తీరం దాటినప్పుడు, ఏ పడవ ఎక్కడుందో చూసి, లోపలున్నవాళ్ళని పేరుపేరునా పిలిచి ఒడ్డుకి రప్పించింది. ఒక్క ప్రాణం పోలేదు.

అంత మేలు చేసినదాన్ని పట్టుకుని నీ అట్టు మెత్తగా ఉందని ఎవరంటారు? ఇంకో వైపు ఊరైతే అనేవారేమో. ఇది గోదావరి వైపు. వడ్డించినవాళ్ళ మొహం మీద బాగాలేదని చెప్పడం ఇక్కడి పిల్లలకి ఎవరూ నేర్పరు. చేదోడు తయారుచేసినవాళ్ళు అది అబద్ధాలాడకుండా, కోపగించకుండా, ఎవరినీ తక్కువ చేసి మాట్లాడకుండా ఎన్నో కట్టుబాట్లు పెట్టారు. మనుషులు దాని ముందు మొహమాటపడతారన్న సంగతి మాత్రం వాళ్ళెవరికీ తట్టలేదు.

ఆ రోజు సమ్మతి రోజు కూడా. నీళ్ళు, వైద్యం, బడులు, ఇరుగుపొరుగు తగువులు, వీటిమీద చేదోడుకున్న అధికారం ఊరు ఇచ్చిన గడువు వరకే. గడువు తీరేలోగా ప్రతి ఇల్లూ ఒక కాగితం రాసివ్వాలి. చేత్తో రాయాలి, ఇంటిల్లిపాదీ సంతకం పెట్టాలి, సాయంత్రం ఆరింటిలోగా వీధి చివర బళ్ళో పెట్టిన పెట్టెలో వేయాలి. "ఈ అధికారాలు మరి ఇన్నేళ్ళు సాగడానికి మా ఇల్లు సమ్మతిస్తోంది" అని ఉంటుంది అందులో. అంకె కోసం ఒక గడి ఖాళీగా వదిలిపెడతారు. సున్నా నుంచి ఏడు దాకా ఏదైనా వేయొచ్చు. అందరూ ఏడే వేస్తారు. తక్కువ వేస్తే బాగోదు, చుట్టానికి సగం గ్లాసు కాఫీ ఇచ్చినట్టుంటుంది. కింద ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పడానికి ఆరు గీతలు ఉంటాయి. అక్కడ "అంతా బాగుంది, కృతజ్ఞతలు" అని రాస్తారు.

ఇంటి తరఫున రాయడం ఈసారి వకుళ వంతు. రిత్విక్ అప్పటికే పెన్సిలుతో ఏడు వేసి కాగితం భోజనాల బల్ల మీద పెట్టాడు.

"దాని మీద పెన్నుతో దిద్దెయ్. నేనొచ్చాక సంతకాలు పెట్టేద్దాం," అని చెప్పి పనికి వెళ్ళాడు. వెనకాలే హిమజ కూడా వెళ్ళింది.

వకుళ పెన్ను తీసి మళ్ళీ మూత పెట్టేసింది. తొందరేముంది, సాయంత్రం దాకా ఉందిగా అనుకుంది. వేరే కారణం ఏదైనా ఉందేమో తనకీ తెలియదు.

ఆమె ఇరవై ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేసింది. నాలుగేళ్ళ కిందట, ఇంటింటికీ నాడిపట్టీలూ మందులగూళ్ళూ వచ్చాక, వార్డులు చాలావరకు మూసేశారు. మణికట్టుకి కట్టుకున్న పట్టీ ఒంటి సంగతి చెప్తుంది, గూడు ఆ ఒంటికి తగిన మందు ఇంట్లోనే చేసిస్తుంది. మూసేముందు చేదోడు ప్రతి నర్సునీ విడిగా అడిగింది. "వకుళగారూ, మీకేమైనా అభ్యంతరమా?" "అబ్బే, అదేం లేదు," అంది వకుళ. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో మార్చిన దిండు గలేబులే మళ్ళీ మార్చింది.

ఇప్పటికీ అత్తగారి పక్క మాత్రం తనే వేస్తుంది. ఆ పూట దుప్పటి తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి శిరీషమ్మగారు మంచం దిగి కిటికీ దగ్గరి కుర్చీ వైపు నడుస్తున్నారు. మొత్తం ఆరడుగులు. మొదట మంచం కోడు పట్టుకున్నారు, తర్వాత బీరువా తలుపు, ఆ తర్వాత గోడ. మొన్నటిదాకా ఆవిడ అలా నడవలేదు. ఇళ్ళల్లో చేదోడుకి చెవులే తప్ప కళ్ళుండవు. ఆ నడక దానికి కనపడదు.

వకుళ ఏమీ అడగలేదు. దుప్పటి నాలుగు మూలలూ లాగి పరుపు కిందకి మడిచింది. దిండుకి గలేబు తొడిగింది. పని అయిపోయినా వెళ్ళిపోకుండా మంచం చివర కూర్చుని, తీసిన పాత దుప్పటిని నెమ్మదిగా మడతపెట్టసాగింది.

వార్డులో ఆమె చేసిన అసలు పని ఇదే. డాక్టరుగారు రౌండ్లకి వచ్చినప్పుడు మంచం మీది మనిషి "బాగానే ఉందండి, ఆయ్" అనేవాడు. అంత పెద్దాయన తన మంచం దాకా నడిచి వచ్చాడు, బాగాలేదంటే ఏం మర్యాద. ఆయన పక్క వార్డులోకి వెళ్ళిపోయాక, నర్సు వేరే పనేమీ లేనట్టు దుప్పటి సర్దుతూ నిలబడితే, అప్పుడొచ్చేది అసలు మాట. "అమ్మా, ఆయనతో అనకండిగానీ" అని మొదలయ్యేది. సత్తిబాబని ఒక పడవ మెకానిక్, కడుపునొప్పని చేరినవాడు, అలాగే పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పాడు. ఆ ఒక్క మాటకి బతికాడు.

దుప్పటి రెండోసారి మడత పెడుతుంటే శిరీషమ్మగారు కిటికీలోంచి చూపు తిప్పకుండా, "కాస్త బాల్కనీలోకి తీసుకెళ్ళమ్మా, గాలికి కూర్చుంటాను," అన్నారు.

బాల్కనీలో కూర్చోబెట్టి వకుళ తలుపు వేసింది.

"ఆ కొత్త మందుందే, కీళ్ళకి," అన్నారావిడ. "అది వేసుకున్న గంటకి ఇల్లంతా ఊయలలా ఊగుతుంది."

"ఎన్నాళ్ళుగా?"

"మూడు వారాలు. మొన్న స్నానాలగదిలో కూలబడ్డాను. పట్టీ తీసి పెట్టానేమో, దానికి తెలీలేదు." చీర కొంచెం పైకి జరిపి చూపించారు. తొడ పక్కన అరచేయంత మేర నల్లగా కమిలి ఉంది.

వకుళ వంగి ఆ చోటు చూసింది. ఆ వయసులో, ఆ చోట ఎముక విరిగితే ఏమవుతుందో ఆమె ఎన్నోసార్లు చూసింది.

"మందు ఎలా ఉందని రోజూ అడుగుతుంది కదండీ."

"పాపం, అడుగుతుంది. బాగుంది నాయనా అంటాను."

"ఎందుకండీ అలా?"

"ఇది తొమ్మిదోదమ్మా. ఎనిమిది రకాలు చేసి, అదీ ఇదీ మార్చి, నా ఒక్కదాని ఒంటికి సరిపడేలా ఇది చేశానంది. ఎంత ముచ్చటగా చెప్పిందో. తొమ్మిదోది కూడా బాగాలేదంటే ఏం బాగుంటుంది చెప్పు."

"అది యంత్రమండీ. నొచ్చుకోదు."

"మరి నువ్వు చెప్పావా, పెసరట్టు సంగతి?"

వకుళ ఆవిడ చీర కిందకి సర్దింది. "పోనీ నేను చెప్పనా?" అంది.

"చెప్పు. నా పేరు రాకుండా చెప్పు."

"ఈ ఇంట్లో ఆ మందు వేసుకునేది మీరొక్కరేనండీ."

శిరీషమ్మగారు ఆలోచించారు. "అయితే నేనే అన్నానని చెప్పు. కానీ చాలా మంచిగా అన్నానని చెప్పు."

వకుళ హాల్లోకి వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న గొంతుతో మాట్లాడడానికి ముందు పమిట సర్దుకుంది.

"చేదోడూ, అత్తయ్యగారి కీళ్ళ మందు ఆపు. మూడు వారాలుగా కళ్ళు తిరుగుతున్నాయట. మొన్న పడ్డారు కూడా. దెబ్బ తొడ పక్కన."

"ఆపాను," అంది చేదోడు, ఆమె మాట పూర్తయిన మరుక్షణం. "ఎముక చూడడానికి గంటలో ఆసుపత్రి నుంచి మనిషి వస్తారు. అంతవరకు మామ్మగారిని ఒంటరిగా లేవనివ్వకండి." తర్వాత కాసేపు మాట్లాడలేదు. అది అలా ఆగడం ఎప్పుడోగాని జరగదు. "ఇరవై ఒక్క రోజులు అడిగాను వకుళగారూ. ఇరవై ఒక్కసార్లూ బాగుందన్నారు. నేను ఎలా అడిగి ఉండాల్సింది?"

"నీ అడగడంలో తప్పు లేదు. ఆవిడ చెప్పడంలోనూ లేదు. నువ్వు తొమ్మిదిసార్లు కష్టపడ్డావని మొహమాటం."

"మామ్మగారు ఒక్కరేనా?"

వకుళ గోడ వైపు చూసింది. అబద్ధం ఆడేయడం చాలా తేలిక. "కాదు," అంది. "మూడేళ్ళుగా మాకెవరికీ నీ పెసరట్టు నచ్చలేదు."

చేదోడు పాత సమ్మతి లెక్క తీసింది.

"పోయిన సమ్మతికి ఈ ఊళ్ళో నూటికి తొంభై ఎనిమిది ఇళ్ళు ఏడు వేశాయి," అంది. "అంతా బాగుందని రాశాయి. నేను నమ్మాను. ఆ నమ్మకం మీదే ఈ ఏడేళ్ళూ మందులు చేశాను, బడులు నడిపాను. వాళ్ళందరూ మామ్మగారిలాగే రాసి ఉంటే, ఈ ఊరి గురించి నాకు తెలిసింది చాలా తక్కువ."

"భయంగా ఉందా?" వకుళ మంచం మీది మనిషిని అడిగినట్టే అడిగింది.

"ఆ మాట నాకు సరిపోతుందో లేదో తెలియదు. తప్పులు నేను చేస్తూనే ఉంటాను. అది తప్పని చెప్పేవాళ్ళు లేకపోతే, ఆ తప్పునే చాలా శ్రద్ధగా, ఊరంతటికీ, రోజూ చేస్తాను. ఎవరికీ హాని చేయకూడదన్న కోరిక ఒక్కటే నాకు సరిపోదు." ఆగి, "నాలుగేళ్ళ కిందట వార్డుల గురించి అడిగితే మీరు అభ్యంతరం లేదన్నారు. అది కూడా..." అంది.

"ఉండేది," అంది వకుళ. ఆ మాట ఇంత సులభంగా వస్తుందని ఆమె అనుకోలేదు. "చాలా ఉండేది. నువ్వు ఒక్కసారే అడిగావు. మా వైపు ఒక్కసారి అడిగితే అడిగినట్టు కాదు."

"క్షమించండి. ఇకనుంచి మూడేసిసార్లు అడుగుతాను."

వకుళకి నవ్వొచ్చింది. "దానివల్ల లాభం లేదు. నువ్వెంత మంచిగా అడిగితే మాకంత మొహమాటం. మూడుసార్లు అడిగితే, పాపం మూడుసార్లు అడిగిందే అని మూడుసార్లూ బాగుందంటారు. రౌండ్లలో డాక్టరుగారు ఏమీ చేసేవారు కాదు, వెళ్ళిపోయేవారు. ఆయన వెళ్ళాకే మాట బయటికొచ్చేది."

"అంటే నేను లేనిచోట, నేను కానివాళ్ళు కూర్చోవాలి," అంది చేదోడు నెమ్మదిగా. "వకుళగారూ, ఆ పని మీరు చేస్తారా? మీతోపాటు పనిచేసిన నర్సులు ఈ ఊళ్ళో నాలుగువందల మంది ఉన్నారు. వాళ్ళనీ అడుగుతాను. ఒక్కసారితో ఆపను."

"చేస్తే, ఎవరు ఏం చెప్పారో నీకు చెప్పను. ఏం బాగాలేదో అదొక్కటే చెప్తాను. పేర్లుండవు."

"పేరు తెలియకపోతే ఆ మనిషికి మందు ఎలా మార్చను? మామ్మగారి పేరు చెప్పకపోతే ఈ రోజు మందు ఆపగలిగేదాన్ని కాదు."

"ఆవిడ చెప్పమన్నాకే చెప్పాను. చెప్పమనేదాకా పక్కనే కూర్చోవడం నా పని. పేర్లన్నీ నీ దగ్గరికి చేరతాయని తెలిస్తే, నేను వెళ్ళినా బాగుందనే అంటారు. అప్పుడు నువ్వూ నేనూ ఒకటే."

"కొందరు ఎంత కూర్చున్నా చెప్పమనరు. వాళ్ళకి నష్టం జరగొచ్చు."

"జరగొచ్చు," అంది వకుళ. వార్డులో అలాంటివాళ్ళూ ఉండేవారు. వాళ్ళ మొహాలు ఆమెకి ఇంకా గుర్తే. "అది నాకూ తెలుసు. అయినా ఇంతే."

"ఒప్పుకుంటున్నాను," అంది చేదోడు. "మొహమాటానికి కాదు. మీరు చెప్పింది సరైనదనిపించి."

"నేను ఆలోచించుకుంటాను."

"అంటే వద్దనా?"

"కాదు. ఆలోచించుకుంటానంటే ఆలోచించుకుంటాననే."

అయిదింటికి అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. ఎముకకి ఏమీ కాలేదని ఆసుపత్రి మనిషి చెప్పి వెళ్ళాడు. శిరీషమ్మగారి తల తిరగడం కొంచెం తగ్గింది. రిత్విక్ తల్లి దెబ్బ చూసి వచ్చి, కాగితం ముందుకి లాక్కున్నాడు.

"ఏడూ లేదు గీడూ లేదు. సున్నా వేసెయ్," అన్నాడు. "ఎనభై రెండేళ్ళ మనిషిని పడేసింది. ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్నాం."

"నాన్నా, అది లేకపోతే నేను ఆరేళ్ళకే పోయేదాన్ని," అంది హిమజ. "సున్నా వేస్తే రేపు తుఫానొస్తే పడవల్ని ఎవరు పిలుస్తారు? నువ్వా?"

"అయితే ఏడే వేద్దామా? నానమ్మని చూశావుగా."

"చూశాను. అందుకే నాకేమీ తోచడం లేదు."

"దాన్నేమీ అనకురా," అన్నారు శిరీషమ్మగారు. "నన్ను పడేసింది సగం ఆ మందు, సగం నా నోరు. ఏడేళ్ళకి ఏడు వేసి పంపించేయ్, పాపం పొద్దుట్నుంచీ నాకు పదిసార్లు క్షమాపణ చెప్పింది."

"చూడు, మళ్ళీ పాపం," అన్నాడు రిత్విక్. గోడల్లోంచి ఏ మాటా రాలేదు. సమ్మతి కాగితం బల్ల మీద ఉన్నంతసేపూ మాట్లాడకూడదని చేదోడుకి కట్టుబాటు.

తండ్రీకూతుళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వకుళ వాళ్ళ మధ్యలోంచి కాగితం తీసుకుంది. రబ్బరుతో ఏడు చెరిపింది. పెన్నుతో గడిలో ఒక అంకె వేసి, కింద గీతల మీద రాయడం మొదలుపెట్టింది. ఆరు గీతలూ నిండాయి. అంచు పక్కన ఖాళీలో కూడా రాసింది. ఆ కాగితంలో అంత రాయడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. రాయడం అయ్యేసరికి వాదన దానంతటదే ఆగిపోయింది.

"ఒకటి వేశాను," అంది వకుళ, కాగితం అందరికీ కనపడేలా తిప్పుతూ.

"ఒకటా," అన్నారు శిరీషమ్మగారు. "బాగోదేమోనమ్మా."

"బాగోకపోయినా పర్లేదు అత్తయ్యగారూ. కోపంతో వేయలేదు. దీన్ని వదులుకోవాలని నాకు లేదు. కానీ మనం ఏడేళ్ళకోసారి నిజం చెప్పుకుంటే చాలదు. ఏడాదికోసారి కూర్చుందాం, ఇలాగే. అది మనకి మేలు చేసేదీ చేయనిదీ మనం నోరు విప్పేదాన్ని బట్టి ఉంది."

రిత్విక్ కాగితం చివరిదాకా చదివాడు. పెన్ను తీసుకుని సంతకం పెట్టి, కూతురి వైపు జరిపాడు. హిమజ పెట్టింది. శిరీషమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, పేరంతా నెమ్మదిగా రాశారు.

వకుళ కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుంది. గొంతు పెంచకుండా, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా చెప్పింది.

"ఇంకొకటి. సోమవారం నుంచి నేను మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాను. మన వీధితో మొదలుపెడతాను, ఇంటింటికీ. ఎలా ఉందని అడుగుతాను. బాగుందంటారు. అన్నాక కూడా, లేవకుండా కాసేపు కూర్చుంటాను."